సేనాని జీతం ఎవరిచ్చారు?



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి ఈసారి నన్ను పిలిచారు. ఇక్కడ నిలబడితే ఆయన బల్ల ముందు చేతులు కట్టుకుని పాఠం ఒప్పజెబుతున్నట్టే ఉంది. ముందు వరసల్లో ఆయన శిష్యులు చాలామందే కనబడుతున్నారు. పోర్టులో జీవితమంతా పనిచేసి రిటైరైన వాళ్లున్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా తిన్నగా ఇటు వచ్చినవాళ్లున్నారు. వన్‌టౌన్‌లోని ఒక చిన్న బడిలో, పెంకుల కప్పు కింద, మనందరికీ చరిత్ర చెప్పింది ఆయనే.

ఎనిమిదో తరగతిలో బొబ్బిలి యుద్ధం పాఠం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. 1964లో వచ్చిన సినిమా అప్పటికే మా అందరికీ కంఠతా వచ్చు. రంగారాయుడంటే రామారావు, పాపారాయుడంటే ఎస్వీ రంగారావు. పాఠం మొదలుకాకముందే క్లాసంతా గోల. డేరాలో జొరబడిన వాడొకడు, కత్తి దూసిన వాడొకడు. మాస్టారు మమ్మల్ని ఆపలేదు. గోల సద్దుమణిగే దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి, ఆ తర్వాత చాలా మామూలుగా అడిగారు: "అదంతా సరేరా. మరి బుస్సీ జీతం ఎవరిచ్చారు?"

ఎవరికీ తెలియలేదు. పుస్తకంలో లేదు. సినిమాలోనూ లేదు. ఆ తర్వాతి ఆదివారం ఆయన మమ్మల్ని బొబ్బిలి తీసుకెళతారనుకున్నాం. ఆయన భీమిలి దారిన పద్మనాభం తీసుకెళ్లారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఈ ఉపన్యాసమంతా ఆ ప్రశ్నకూ ఆ ప్రయాణానికీ మధ్య ఉన్న దారి.

మన పుస్తకాల్లో మూడు వేర్వేరు సంగతులుంటాయి. 1757లో బొబ్బిలి: ఇద్దరు జమీందార్ల కక్ష. 1758లో చందుర్తి: ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ పోరు. 1794లో పద్మనాభం: ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మీద ఒక రాజు తిరుగుబాటు. మూడూ మూడు అధ్యాయాల్లో, మధ్యలో ఎన్నో పేజీల ఎడంతో ఉంటాయి. ఈ ముప్పై ఏడేళ్లనీ నేను ఒకే యుద్ధంగా చదువుతాను. ఒకే సీమలోని వాళ్లు, ఒకే ఏటి నీళ్లు తాగేవాళ్లు, తమలో తాము చేసుకున్న యుద్ధం. సేనాపతులు మాత్రం అద్దెకు వచ్చారు. ఆ అద్దె మన పొలాల శిస్తులోంచే వెళ్లింది.

1753 చివర్లో హైదరాబాదు నవాబు సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులు నాలుగింటినీ ఫ్రెంచివాళ్లకు ఇచ్చేశాడు. ఎందుకు? తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యపు జీతాల కోసం. ఖజానాలో డబ్బు లేదు, సైన్యం లేకపోతే గద్దె నిలవదు. కాబట్టి కృష్ణ దగ్గర్నుంచి ఇచ్ఛాపురం పొలిమేర దాకా పండే పంట మీద వచ్చే శిస్తు ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యానికి జీతంగా మారింది. మాస్టారి ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. బుస్సీ జీతం మన నాగలి ఇచ్చింది.

ఆ శిస్తు వసూలు చేసిపెట్టడానికి ఊళ్లు తెలిసినవాడు కావాలి. విజయనగరం పూసపాటి పెద విజయరామరాజు మొదట శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీతో కలిసి ఫ్రెంచివాళ్లను ఎదిరించాలనుకున్నవాడే. రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులను తక్కువ మొత్తానికి గుత్తకిస్తామని ఫ్రెంచివాళ్లు కబురుపెట్టగానే పక్క మార్చాడు. ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. ఆ కాలపు పెద్ద జమీందారు ఎవడైనా అదే చేసేవాడు. బొబ్బిలి రాజు రంగారావుకు ఆ అవకాశమే వస్తే ఆయనేం చేసేవాడో చెప్పడం కష్టం.

రెండు వంశాల సంగతీ ఒక మాట. బొబ్బిలి వెలమదొరల మూలపురుషుడూ, విజయనగరం పూసపాటివారి మూలపురుషుడూ 17వ శతాబ్దం నడుమ శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఈ సీమకు వచ్చినవాళ్లే. ఒకే కొలువులో పక్కపక్కన నిలబడినవాళ్లు. అమెరికా అంతర్యుద్ధంలో చివరిదాకా తలపడిన లీ, గ్రాంట్ ఇద్దరూ ఒకే సైనిక పాఠశాలలో చదివి, అంతకుముందు మెక్సికో యుద్ధంలో ఒకే జెండా కింద పోరాడినవాళ్లని మనకు తెలుసు. అంతర్యుద్ధాలకు అది సహజం. మన దగ్గర తేడా ఏమిటంటే, ఆ నూరేళ్ల పొత్తు చెడేనాటికి యుద్ధం నడపడం మన చేతుల్లో లేదు.

చెడింది దేనికి? కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాసిన కారణాల్లో ఒకటి నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. బొబ్బిలివాళ్లు సరిహద్దు గెడ్డల నీళ్లు తమ పొలాలకు మళ్లించుకునేవాళ్లట. నీటి తగాదా! మన ఉత్తరాంధ్రలో వంశధార, నాగావళి, చంపావతి ఏవైనా సరే, ఏటి పైనున్న ఊరికీ కిందున్న ఊరికీ రోహిణి కార్తెలో పేచీ లేని ఏడుందా? చెరువు గట్టు మీద పెద్దమనుషులు కూర్చుని తెంచవలసిన తగాదా అది. దాన్ని తెంచడానికి ఫిరంగులు తెచ్చుకున్నారు.

1756లో హైదరాబాదులో చావు తప్పించుకుని బయటపడిన బుస్సీ ఏడాది చివర్లో రాజమండ్రి చేరాడు. విజయరామరాజు తన పదివేల బలగంతో ఎదురెళ్లి కలిశాడు. బుస్సీకి బొబ్బిలి మీద సొంత కక్ష లేదు. ఆ కోట వదులుకుంటే అంతే విలువగల భూములు మరోచోట ఇస్తానన్నాడు. అంతలో బొబ్బిలి అడవుల గుండా పోతున్న సిపాయిల దళం మీద ఎవరో పడి ముప్పై మందిని చంపేశారు. ఎవరు పడ్డారు, ఎవరు పడమన్నారు అన్నది కథకుల్ని బట్టి మారుతుంది. విజయరామరాజుకు మాత్రం అదే చాలింది.

1757 జనవరి 24న జరిగింది మీకందరికీ తెలుసు. బుర్రకథల్లో విన్నారు, నాటకాల్లో చూశారు. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రలో చదివినవారూ ఇక్కడ ఉండి ఉంటారు. మట్టికోట. తెల్లవారుజామున మొదలైన ఫిరంగుల మోత. కోట నిలవదని తేలాక తమ ఆడవాళ్లనీ పిల్లల్నీ తామే చంపుకుని, తిరిగి వచ్చి బురుజుల మీద నిలబడి చచ్చిన మగవాళ్లు. ఆ చావుల్ని కీర్తించడం నావల్ల కాదు. ఆ ఆడవాళ్లను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న నన్ను వదలదు. మాస్టారు కూడా ఆ భాగం చదవమని మాలో ఎవరికీ చెప్పలేదు. తానే గొంతు తగ్గించి చదివి, పుస్తకం మూసి, కాసేపు ఊరుకున్నారు.

అంతా అయ్యాక లా అనే ఫ్రెంచి అధికారి కోటలో అడుగు పెడితే, ఒక ముసలాయన చిన్న పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని ఎదురొచ్చాడని ఆర్మ్ రాశాడు. రంగారావు కొడుకు. ఎలాగో దాచి బతికించారు. ఈ పిల్లవాణ్ణి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తాడు.

కొన్నాళ్లకే ఒక రాత్రి బొబ్బిలివాడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి దూరి అతన్ని పొడిచి చంపాడు, తానూ చచ్చాడు. పాట ఇక్కడ ఆగుతుంది. లెక్క సరిపోయింది కాబట్టి ఆగుతుంది. కానీ రెండు లెక్కలూ కొట్టేసుకుపోయాక మిగిలిందెవరు? బుస్సీ. ఎవరి మీదా పగ లేని బుస్సీ. ఆయన అక్కణ్ణుంచి కదిలి గంజాం వైపు వెళ్లి, పేష్కష్ అనే కప్పం వసూలు చేసుకుని, తిరిగివస్తూ 1757 జూన్ చివర్లో మన విశాఖపట్నంలోని ఇంగ్లీషు ఫ్యాక్టరీని పట్టుకున్నాడు. బెంగాల్లో ప్లాసీ యుద్ధం జరిగిన వారంలోనే ఇది. ఒక కంపెనీ అక్కడ గెలిచింది, ఇంకో కంపెనీ ఇక్కడ గెలిచింది. ఇప్పుడు మనం కోటవీధి అని పిలుచుకునే చోట ఆ రోజు జెండా మారింది. పదహారు నెలలు తిరక్కుండానే మళ్లీ మారింది.

రెండోసారి మార్చింది విజయనగరంవాళ్లే. విజయరామరాజు తర్వాత గద్దెక్కిన ఆనందరాజుకు బుస్సీ ఆ పాత గుత్తలు కొనసాగించలేదు. ఎవరి కోసం బొబ్బిలి తగలబడిందో ఆ వంశానికే ఏడాది తిరక్కుండా మొండిచెయ్యి. అంతలో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి సేనాపతి లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఇక్కడ కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి అధికారి మిగిలాడు. ఆనందరాజు అదను చూసి 1758లో విశాఖపట్నం మీద పడి, ఫ్రెంచివాళ్లను పట్టుకుని, ఇంగ్లీషు జెండా ఎగరేసి, మద్రాసుకు కబురు పంపాడు. మద్రాసు తన గొడవలో తానుంది. అప్పుడు కలకత్తాకు, క్లైవుకు రాశాడు. క్లైవు కర్నల్ ఫోర్డును ఓడలెక్కించాడు.

1758 అక్టోబరు 20న ఫోర్డు మన రేవులో దిగాడు. అప్పటికి ఇది రేవే, హార్బరు కాదు. ఓడ దూరంగా సముద్రంలో లంగరు వేసుకునేది, పడవల్లో ఒడ్డుకు రావాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద, ఏటి మొగ దాటి, అయిదువందల మంది తెల్లవాళ్లూ రెండువేల మంది సిపాయిలూ దిగారు. లోపలి హార్బరులో మొదటి ఓడ నిలిచిన 1933 దాకా ఈ ఊరికి అంత పెద్ద దిగుమతి ఇంకోటి లేదేమో అని మాస్టారు అనేవారు. అన్నాక నవ్వేవారు కాదు.

అనకాపల్లి పక్కన కశింకోట దగ్గర ఫోర్డు, ఆనందరాజు కలుసుకుని ఒప్పందం రాసుకున్నారు. ఈ కాగితం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, క్షమించండి. నా దృష్టిలో ఈ యుద్ధంలోని అసలు నిర్ణయం కశింకోటలో జరిగింది. దండయాత్ర నడిచినంతకాలం రాజు నెలకు 50,000 రూపాయలు సైన్యం ఖర్చు కింద, మరో 6,000 అధికారుల భత్యం కింద ఇవ్వాలి. దోపిడీ సొమ్ము చెరిసగం. గెలిచిన దేశంలో లోపలి భూములు రాజువి. విశాఖపట్నం నుంచి మచిలీపట్నం దాకా సముద్రపు రేవులూ ఏటి మొగల పట్నాలూ కంపెనీవి.

చూడండి, ఎవరు ఏం అడిగారో. రాజు పొలాలు అడిగాడు. పొలం అంటే శిస్తు, శిస్తు అంటే గౌరవం, అతని తాత ముత్తాతలకు తెలిసిన సంపద అదే. కంపెనీ ఇసుకతిన్నెలు అడిగింది. పోర్టులో పనిచేసినవారికి నేను వివరించనక్కర్లేదు. వాకిలి ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లదే. ఆనందరాజు తెలివితక్కువవాడని నేను అనడం లేదు. విశాఖపట్నం పట్టుకున్న తీరు చూస్తే చురుకైనవాడే. కాని అతనికి సముద్రం ఒక హద్దు, ఎదుటివాడికి అదొక రహదారి.

డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద సేనలు ఎదురుపడ్డాయి. కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఆరువేల మంది సిపాయిలు, అయిదువందల మంది తెల్లవాళ్లు, ముప్పై ఫిరంగులు. ఫోర్డు బలం అందులో సగం కూడా లేదు. ఆనందరాజు మూడువేల కాల్బలం ఈటెలతో, విల్లంబులతో, పనిచేసీ చేయని తుపాకులతో వచ్చింది. ఆర్మ్ వాళ్లను చాలా చులకనగా రాశాడు. చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. చోడవరం, ఆలమండ, గజపతినగరం ప్రాంతాల కుర్రాళ్లు కదా వాళ్లు. తలపాగా చుట్టుకుని, ఇంట్లో ఉన్న ఈటె తీసుకుని, నెలకింత బత్తెం అంటే బయల్దేరి వచ్చినవాళ్లు.

ఆ యుద్ధం ఒక బట్ట రంగు మీద తేలింది. ఫోర్డు తెచ్చిన బెంగాల్ సిపాయిలకు ఎర్ర కోట్లు తొడిగారు. ఫోర్డు తెల్ల పటాలం ముందు ఏపుగా పెరిగిన చేను అడ్డంగా ఉంది, వాళ్లు కనబడలేదు. ఎర్ర కోట్లు చూసి కాన్‌ఫ్లాన్స్ అదే ఇంగ్లీషు పటాలం అనుకుని తన తెల్లవాళ్లనందరినీ అటు తోలాడు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచామనుకుని ఫ్రెంచివాళ్లు వరస తప్పి తరుముతుంటే, చేను వెనక నుంచి అసలు ఇంగ్లీషు పటాలం బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది. అంతటితో అయిపోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ రాజమండ్రి దాకా ఆగలేదు.

ఆ రోజు రెండు వైపులా నేలకూలిన సిపాయిలెవరు? ఫ్రెంచివైపు వాళ్లలో ఎక్కువమంది ఈ సర్కారులవాళ్లూ దక్కనువాళ్లూ. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని చాలాకాలం 'తిలంగా' అని పిలిచేవారు. తెలుగువాడు అని. మొదటి సిపాయిల్లో మనవాళ్లు అంతమంది ఉండబట్టే ఆ పేరు వచ్చింది. మన జాతిపేరు ఒక కూలిపని పేరైపోయింది ఆ రోజుల్లో. ఆ మాట చదివిన రోజు మాస్టారు నాకు పోస్టుకార్డు రాశారు. ఇప్పటికీ నా దగ్గరుంది.

చందుర్తి తర్వాత ఫోర్డు వెంటనే మచిలీపట్నం మీదికి పోవలసింది. పోలేకపోయాడు. ఆనందరాజు డబ్బు ఇవ్వలేదు. ఇవ్వడానికి లేదో, ఇవ్వడం ఇష్టం లేదో గాని, నెలన్నరకు పైగా గడిచిపోయింది. చివరికి ఇకపై రాజు ఇచ్చేదంతా అప్పు కింద రాసుకుంటామని కొత్త మాట అనుకుని జనవరి 28న కదిలారు. మచిలీపట్నం ముట్టడి ఒక సాహసగాథే, కాని దాన్ని నేను తొందరగా దాటేస్తాను. 1759 ఏప్రిల్ 7 రాత్రి బురదలో మొలలోతు దిగి ఇంగ్లీషువాళ్లు కోట ఎక్కారు. ఆనందరాజు మనుషులు గట్టు దారిన ఎదురుగా వెళ్లి ఉత్తుత్తి దాడి చేశారు. ఉత్తుత్తి దాడిలో పేలిన తుపాకి ఉత్తుత్తిది కాదు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నం, నిజాంపట్నం సీమల్ని కంపెనీకి ఇనాముగా రాసిచ్చాడు.

సేనాపతుల సంగతి ఇక్కడితో సరి. బుస్సీ మరుసటి జనవరిలో వందవాసి దగ్గర ఇంగ్లీషువాళ్లకు పట్టుబడ్డాడు. ముసలితనంలో మళ్లీ వచ్చి 1785లో పుదుచ్చేరిలో పోయాడు. లాలీని సొంత దేశమే వధ్యస్థలానికి తీసుకెళ్లి తల నరికింది. ఫోర్డు 1769 చివర్లో మళ్లీ ఇండియాకు వస్తూ ఎక్కిన అరోరా ఓడ గుడ్‌హోప్ అగ్రం దాటాక ఆనవాలు లేకుండా పోయింది. వచ్చారు, పనిచేశారు, పోయారు. ఆనందరాజు 1760లో మశూచి సోకి చనిపోయాడు. అతని పేరు ఈ జిల్లాలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు యుద్ధం ఇంటి లోపలికి వస్తుంది. ఆనందరాజు తర్వాత గద్దెకు చిన్న పిల్లవాణ్ణి దత్తత తీసుకున్నారు. పెద్దాయన పేరే పెట్టారు, విజయరామరాజు అని. మనం చిన విజయరామరాజు అంటాం. ఆ పిల్లవాడికి వేరే తల్లి కడుపున పుట్టిన అన్న ఒకడున్నాడు, సీతారామరాజు. వయసులో పెద్ద, యుద్ధంలో దిట్ట, లెక్కల్లో ఇంకా దిట్ట. దత్తత మాత్రం తమ్ముడికి దక్కింది. తమ్ముడి పేరు మీద అన్న రాజ్యం చేశాడు. పర్లాకిమిడి మీదికి వెళ్లాడు, చుట్టుపక్కల జమీందార్లను ఒక్కొక్కరినే లొంగదీశాడు. కురుపాం, సాలూరు, పాచిపెంట, సంగంవలస, మేరంగి, ఆండ్ర. కొందరిని నెలకింతని భత్యం ఇచ్చి విజయనగరంలో కట్టిపడేశాడు. మన ఊళ్లో కురుపాం మార్కెట్‌లో కూరలు కొనుక్కునేవాళ్లం, ఆ పేరు వెనక కోట పోగొట్టుకున్న ఒక వంశం ఉందని ఎప్పుడైనా అనుకున్నామా!

తమ్ముడు పెరిగాడు. అన్న నీడ కింద ఊపిరాడలేదు. జగన్నాథరాజు అనే బంధువును దివానుగా నిలబెట్టుకున్నాడు. అప్పటికి 1765 నాటి మొగలు ఫర్మానాతో సర్కారులు కంపెనీ చేతికి వచ్చేశాయి. అన్నదమ్ముల తగువు తీర్చే పెద్దమనిషి ఇప్పుడు మద్రాసు గవర్నరు. 1778లో సర్ థామస్ రంబోల్డ్ జమీందార్లందర్నీ మద్రాసుకు రమ్మన్నాడు. నెలల తరబడి ప్రయాణం, పరివారం, ఖర్చు. సీతారామరాజు ముందే వెళ్లి కూర్చున్నాడు. రంబోల్డ్ జగన్నాథరాజును తీసేసి, తమ్ముడికి ఇష్టం లేకపోయినా అన్ననే దివాను చేశాడు. లంచాల ఆరోపణ లండను దాకా పోయింది. కంపెనీ డైరెక్టర్లు రంబోల్డ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు, పార్లమెంటులో అతని మీద బిల్లు పెట్టారు. అంత దూరం పోయిన ఫిర్యాదుకు అడుగున ఉన్నది ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోవడం.

మధ్యలో 1780 అక్టోబరు 3న ఈ ఊళ్లో ఒక సంగతి జరిగింది. హైదరలీ మీదికి పంపడానికి ఇక్కడి సిపాయిల్ని ఓడెక్కమన్నారు. వాళ్లు ఎక్కేది లేదన్నారు. అధికారుల్ని కొందరిని కాల్చి, ఖజానా దోచి బయటికి నడిచారు. పాత పట్నంలోని యూరోపియన్ల శ్మశానంలో ఆ రోజు పోయినవాళ్ల గుర్తు ఉంది. మరోచోట ఇదొక పెద్ద కథ అయ్యేది. ఇక్కడ అది పదిమందికి తెలియదు. ఓడెక్కనన్న సిపాయిలకూ, ఊళ్లో శిస్తు కట్టలేక చేను వదిలేసిన రైతుకూ, మద్రాసు వరండాలో ఎదురుచూసే జమీందారుకూ ఒకరి గోడు ఒకరికి వినబడే దారి లేకపోయింది. ఆ దారులన్నీ 1757 నుంచీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

1793కి సీతారామరాజును కంపెనీ మద్రాసులోనే కూర్చోబెట్టింది. తమ్ముడికి చివరికి అన్న బాధ తప్పింది. ముందు నిలబడి మాట్లాడే అన్న కూడా లేకుండా పోయాడు. పేష్కష్ బకాయి లక్షల్లో పేరుకుపోయింది. అదే ఏడు ఆగస్టులో కంపెనీ సేనలు విజయనగరం కోటలో దిగాయి. జమీందారీ జప్తు. రాజు నెలకు 1,200 రూపాయల భత్యంతో మచిలీపట్నం వెళ్లి ఉండాలన్నారు.

ఆయన బయల్దేరాడు. బయల్దేరి, విజయనగరానికీ భీమునిపట్నానికీ మధ్య పద్మనాభంలో ఆగిపోయాడు.

మీలో చాలామంది ఆ కొండెక్కి ఉంటారు. పైన అనంతపద్మనాభుడు, కింద కుంతీమాధవుడు, పక్కన గోస్తని. ఇప్పుడు ఆ గోస్తనికే పైన తాటిపూడి దగ్గర కట్ట కట్టి ఆ నీళ్లు మన విశాఖ కుళాయిల్లోకి తెచ్చుకుంటున్నాం. ఆ ఏటి ఒడ్డున ఆయన గుడారాలు వేసుకుంటే జనం వచ్చి చేరారు. వేలల్లో వచ్చారు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చి కదలమన్నాడు. కదలలేదు. 1794 జూలై 10న తెల్లవారాక కాల్పులు మొదలయ్యాయి. ముప్పావుగంట. నలభై అయిదు నిమిషాల్లో రాజు పడిపోయాడు. ఆయన చుట్టూ ఆ సీమలోని పెద్ద క్షత్రియ కుటుంబాలవాళ్లు వలయంగా పడిపోయారు.

మాస్టారు మమ్మల్ని ఆ రోజు నిలబెట్టింది అక్కడే. కొండ నీడ పొలాల మీదికి సాగుతోంది. రాజు సమాధి చూపించి అడిగారు: "ఇక్కడికి బొబ్బిలివాళ్లు ఎందుకు రాలేదు?" మాకు తెలియదు. "పర్లాకిమిడివాళ్లు? సాలూరువాళ్లు? కురుపాంవాళ్లు?" మేం నేల చూశాం. ఒక్కొక్క పేరూ చెబుతూ ఆయన వేళ్లు మడుస్తున్నారు. పిడికిలి అయ్యాక చేయి దించేశారు.

ఆ లెక్క నేను తర్వాత ఎన్నోసార్లు వేసుకున్నాను. పద్మనాభంలో రాజుకు తోడు రావలసిన ప్రతి ఇంటినీ విజయనగరమే ఒక్కొక్కటిగా నేలమట్టం చేసింది. పలనాడులో అన్నదమ్ముల మధ్య జరిగిన పోరుకు కారెంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం చేసి, పోయినవాళ్లను పేరుపేరునా పిలుస్తారు. బొబ్బిలిలో స్తంభం నిలబెట్టారు, పాట కట్టారు, సినిమా తీశారు. మనవాణ్ణి మనవాడు చంపిన చోటుకు మన పాటలన్నీ ఇచ్చేశాం. పద్మనాభానికి బస్సు దిగే జనం కొండమీది దేవుడి దగ్గరికి వెళ్లి వస్తారు. నేను కోరేదొకటే. ఈ రెండు ఊళ్లనూ ఒకే పాఠంలో చెప్పండి. బొబ్బిలి పిల్లలు పద్మనాభం రావాలి, విజయనగరం పిల్లలు బొబ్బిలి వెళ్లాలి. ఈ సభలో ఉపాధ్యాయులున్నారు, వాళ్లకే చెబుతున్నాను.

ఇక ఆ పిల్లవాడి సంగతి. కాదు, ఇద్దరు పిల్లలు. పద్మనాభంలో పోయిన రాజు కొడుకు నారాయణబాబు అప్పటికి చిన్నవాడు. తల్లి అతన్ని తీసుకుని కొండ జమీందార్ల అండకు పారిపోయింది. కొండల్లో కొంతకాలం అలజడి నడిచింది. తర్వాత కంపెనీ కుర్రవాణ్ణి పిలిపించి సనదు ఇచ్చింది. 1802 శాశ్వత శిస్తు ఒప్పందం నాటికి అతనికి మిగిలినవి 1,157 గ్రామాలు, కట్టవలసిన పేష్కష్ ఏటికి అయిదు లక్షలు. మిగతా పాత జమీందారీలన్నీ విడదీసి ఎవరివి వాళ్లకు ఇచ్చేశారు. వాటిలో బొబ్బిలి ఒకటి. దాన్ని అందుకున్నవాడు చిన రంగారావు. 1757లో తగలబడుతున్న కోటలో ముసలాయన చెయ్యి పట్టుకుని నడిచొచ్చిన పిల్లవాడే. అప్పటికి అతను నడివయసువాడు. మధ్యలో చాలా ఏళ్లు విజయనగరంలో ఖైదులో ఉన్నాడు.

పద్మనాభం పోరు జరిగిన 1794లోనే కంపెనీ విశాఖపట్నంలో పాత చీఫ్ కౌన్సిల్‌ను రద్దుచేసి కలెక్టర్లను వేసింది. బొబ్బిలి పేష్కషూ విజయనగరం పేష్కషూ అప్పట్నుంచి ఒకే కంపెనీకి, ఒకే వరసలో నిలబడి కట్టేవారు.